గోడ మీది చార్టు గురించి: సరిహద్దు ఊళ్ళ అంగన్‌వాడీలకు ఒక బహిరంగ లేఖ

పర్లాకిమిడి, కాశీనగర్, గుమ్మ వైపు సెంటర్లలో పనిచేసే అంగన్‌వాడీ దీదీలకు, సూపర్‌వైజర్లకు, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) గార్లకు, మహేంద్రతనయ ఏటికి ఆ పక్కన పాతపట్నం వైపు ఉన్న టీచరమ్మలకు నమస్కారం.

నేను పర్లాకిమిడి బజారులో స్టేషనరీ షాపు నడుపుతున్నదాన్ని. పండ్లు, కూరగాయలు, పక్షులు, రంగులు, ఆకారాలు, ఇలా మీలో చాలామందికి చార్టులు అమ్మింది నేనే. బీఈడీ చదివి, ఉద్యోగం దొరక్క గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను గానీ పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న ఆసక్తి మాత్రం నన్ను వదల్లేదు. మా అమ్మాయి విశాఖలో సైకాలజీ పీజీ చేస్తూ తెచ్చుకున్న జిరాక్సులన్నీ గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కూర్చుని చదివాను. పరీక్షేదో నువ్వే రాయాల్సిందని మా ఆయన ఎగతాళి.

ఆ చదువూ, కౌంటర్ ముందు నిలబడే పిల్లల్ని చూసిన చూపూ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చెప్పదల్చుకున్నది ఒకటే. చార్టు మీద వేలు పెట్టి అడిగితే పిల్ల పేరు చెప్పిందంటే ఆ బొమ్మ పేరు దానికి తెలిసిందన్నమాట, అంతవరకే. మనం ఎప్పుడూ చూపించని వస్తువు చేతికిచ్చినప్పుడు కూడా ఆ పేరు పెట్టగలిగిందా లేదా అన్నది అసలు పరీక్ష. మొదటిది రోజూ అడుగుతున్నాం. రెండోది అడిగేవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు.

ఈ మధ్య ఒక దీదీ ఆకారాల చార్టు కొనడానికి వచ్చింది. వెంట నాలుగేళ్ళ కూతురు. చుట్ట విప్పి కౌంటర్ మీద పరిచాను. ఆ గుంట గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పేసింది. గుండ్రం, చదరం, త్రిభుజం. వాళ్ళమ్మ ముఖం చేటంత అయింది. నేను ఊరుకోవచ్చు కదా, చార్టుని తలకిందులుగా తిప్పి త్రిభుజం మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అన్నాను. పిల్ల కాసేపు చూసి, "అది పడిపోయింది" అంది. "పడిపోయిన త్రిభుజమా?" అంటే, "కాదు, ఇప్పుడది త్రిభుజం కాదు" అని తేల్చేసింది. జామెట్రీ బాక్సులోంచి సెట్‌స్క్వేర్ తీసి ఇచ్చాను. దాన్ని వేళ్ళతో తడిమి చూసి, సన్నటి మొన దగ్గర ఆగి, ఇదీ కాదంది. చార్టులో త్రిభుజానికి అంత సన్నటి మొన లేదు మరి.

దీదీ చిన్నబుచ్చుకుంది. అందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. శాట్లో, న్యూకోంబ్ అనే ఇద్దరు 1998లో అచ్చువేసిన పరిశోధనలో అమెరికా పిల్లలూ ఇదే పని చేశారు. మూడు నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు, మామూలుగా పుస్తకాల్లో కనపడే త్రిభుజాన్ని ఒప్పుకుని, మూడు భుజాలూ సరిగ్గానే ఉన్న వంకర టింకర త్రిభుజాల్ని కాదు పొమ్మన్నారు. పిల్ల బుర్రలో ఏ తప్పూ లేదు. దానికి చూపించినవన్నీ ఒకే మాదిరివి. అడుగు భుజం నేలకి ఆనించి, మొన పైకి పెట్టి, మూడు వైపులూ సమానంగా ఉన్నవే. వాటన్నిట్లో ఏది ముఖ్యమో, ఏది కాదో పిల్లకి ఎవరు చెప్పాలి? మొన పైకి ఉండటం కూడా త్రిభుజ లక్షణమే అనుకుంది. చూసినదాన్ని బట్టి సరిగ్గానే ఊహించింది.

ఇక్కడ ఒక మాట. పిల్లలకి ఏమీ రాదని, మనం కూరి కూరి చెబితే తప్ప ఎక్కదని అనుకునేవాళ్ళకి 1978 నాటి ఒక ప్రయోగం చెప్పాలి. సూజన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ అనే ఇద్దరు ఒక నర్సరీ బడిలో చేశారు. పాఠమేమీ పెట్టలేదు. టీచరు మాటల సందర్భంలో పిల్లాణ్ణి పిలిచి, "అక్కడున్న ట్రేలలో క్రోమియం రంగుది తీసుకురా, ఎర్రది కాదు, క్రోమియంది" అంది. ఆ ట్రే ఆలివ్ పచ్చ రంగులో ఉంది, క్రోమియం అన్నది ఆ పిల్లలు అంతకుముందు విననిది. అంతే. రోజులు గడిచాక చూస్తే, చాలామంది పిల్లల్లో ఆ పేరు ఎంతో కొంత నిలిచింది. ఏ రంగో కచ్చితంగా తెలియనివాళ్ళు కూడా అదేదో రంగు పేరని పట్టేశారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు వాళ్ళు. మనం పెద్దవాళ్ళం, రెండోసారి చెబితే తప్ప బ్యాంకువాళ్ళ ఫారం పేరు గుర్తుండదు.

అయితే ఈ కథని సగమే విని సంబరపడకూడదు. జెస్సికా హార్స్ట్, లారిసా సామ్యూల్సన్ 2008లో రెండేళ్ళ పిల్లలతో చేసి చూశారు. తెలిసిన వస్తువుల మధ్య తెలియనిదొకటి పెట్టి కొత్త పేరుతో అడిగితే, పిల్లలు ఠక్కున తెలియనిదాన్నే ఎత్తి ఇచ్చారు. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ అడిగితే తెల్లముఖం వేశారు. ఎప్పుడు నిలిచిందంటే, పిల్ల ఎంచుకున్నాక పెద్దవాళ్ళు ఆ వస్తువుని చేతిలోకి తీసుకుని, ముఖం ముందు పట్టుకుని మళ్ళీ పేరు చెప్పినప్పుడు. కాబట్టి దీదీ, పొద్దున చెప్పించి పొద్దున్నే అడిగి రిజిస్టర్లో టిక్కు పెట్టామంటే ఆ టిక్కు విలువ ఐదు నిమిషాలే కావచ్చు.

ఇప్పుడు కొమ్ము పని సంగతికి వస్తాను. మన ఊరి కొమ్ము బొమ్మల పేరు మీకు చెప్పక్కర్లేదు. గేదె కొమ్ముతో కొంగలు, రొయ్యలు, చేపలు చేస్తారు. నా షాపు అద్దాల బీరువాలో ఒక కొమ్ము కొంగ ఉంది, అమ్మకానికి కాదు. నల్లగా నున్నగా ఉంటుంది. దానికి ఈక లేదు, ప్రాణం లేదు, తెలుపు అసలే లేదు. అయినా మాటలొచ్చిన ప్రతి పిల్లా దాన్ని చూసి "కొంగ" అనో, "పిట్ట" అనో అంటుంది. "కొమ్ము" అన్న పిల్ల ఇంతవరకూ రాలేదు.

ఎందుకంటే రెండేళ్ళు దాటిన పిల్లలు గట్టి వస్తువులకి పేరు పెట్టేటప్పుడు ఎక్కువగా ఆకారాన్ని పట్టుకుంటారు. బార్బరా లాండౌ, లిండా స్మిత్, సూజన్ జోన్స్ 1988లో దీన్ని చూపించారు. వంపు తిరిగిన ఒక చిన్న చెక్క ముక్కకి 'డ్యాక్స్' అని లేని పేరొకటి పెట్టి, ఇంకో డ్యాక్స్ ఏదని అడిగారు. రెండు, మూడేళ్ళ పిల్లలు, సైజు పెద్దదైనా, స్పాంజితో చేసినా ఆ వంపు ఉన్నవాటినే ఎంచారు. అదే చెక్కతో చేసినా వంపు వేరైతే వద్దన్నారు. పెద్దవాళ్ళు ఇంకా గట్టిగా అదే చేశారు.

మరి పిండి, గంజి లాంటివాటి మాటేమిటి? మీరు ఇంటికి పంపే ఛతువానే, అంటే పోషకాహార పిండినే తీసుకోండి. గిన్నెలో పోసినా, పళ్ళెంలో కుప్ప పెట్టినా, ఉండ చుట్టినా అది ఛతువానే. పిల్ల ఏనాడూ ఉండ ఆకారం చూసి ఛతువాని బంతి అనలేదు. నాన్సీ సోజా, సూజన్ కేరీ, ఎలిజబెత్ స్పెల్కీ 1991లో రెండేళ్ళవాళ్ళతో ఇదే చూశారు. గట్టి వస్తువుకి కొత్త పేరు చెబితే ఆకారం పట్టుకున్నారు. క్రీములాంటి మెత్తటి పదార్థానికి చెబితే ఆకారం వదిలేసి పదార్థాన్ని పట్టుకున్నారు. ఏ పేరుని ఏ ఆధారంతో వేరేవాటికి కూడా పెట్టాలో ఇంతింత పిల్లలకి అంచనా ఉంది. ఛతువా పంచే రోజున మీరు చేయాల్సిందల్లా దాన్ని రెండు మూడు రకాలుగా చేతికివ్వడమే, పొడిగా ఒకసారి, కలిపి ఒకసారి.

ఆకారాన్ని గమనించే ఈ చూపు కొంతవరకు నేర్పితే వచ్చేది కూడా. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన పరిశోధన, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. లిండా స్మిత్ బృందం 2002లో అచ్చువేసింది. పిల్లల వయసు పదిహేడు నెలలు, అంటే మీ లెక్కలో ఇంకా ఛతువా పొట్లం తీసుకెళ్ళే వయసు, సెంటరుకి వచ్చి కూర్చునే వయసు కాదు. వాళ్ళని వారానికోసారి పిలిపించి, ఏడు వారాలు కొన్ని కొత్త బొమ్మలతో ఆడించారు. ఒక్కో పేరుకి రెండేసి బొమ్మలు. రెండిటి ఆకారమూ ఒకటే, రంగు వేరు, తయారు చేసిన సరుకు వేరు. రెండిటినీ ఒకేసారి ముందు పెట్టి, పేరు చెబుతూ ఆడుకున్నారు. మధ్యలో ఆకారం కుదరని బొమ్మ ఒకటి తెచ్చి "ఇది మాత్రం అది కాదు" అని చూపించి తీసేసేవారు. చివరికి వచ్చేసరికి ఆ పిల్లలు, అంతకుముందు ఎప్పుడూ చూడని వస్తువు పేరు చెప్పినా, అదే ఆకారమున్న వేరేవాటికి ఆ పేరు సరిగ్గా పెట్టడం మొదలుపెట్టారు. అంతకంటే విచిత్రం, ఇంటి దగ్గర వాళ్ళు నేర్చుకునే వస్తువుల పేర్లు కూడా, ఆ ఆట ఆడని పిల్లల కంటే బాగా పెరిగాయి. నేర్పింది నాలుగు పేర్లు. వచ్చింది పేర్లు నేర్చుకునే ఒడుపు.

అందులో ఏముంది? రెండు వస్తువులు, ఒక కాని వస్తువు. ఇది చార్టులో దొరకదు. చార్టులో కొబ్బరికాయ ఒకటే, వంకాయ ఒకటే, పిల్లి ఒకటే. చార్టు అచ్చువేసేవాడికి ఇరవై గళ్ళు నింపాలన్న తపనే తప్ప ఒకే వంకాయని మూడు రకాలుగా చూపిద్దామన్న ఆలోచన రాదు. వస్తే గళ్ళు తగ్గుతాయి, గళ్ళు తగ్గితే కొనేవాళ్ళు మొహం చాటేస్తారు. నేను అమ్మేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

వంకాయ మాట వచ్చింది కాబట్టి అక్కడే ఉంటాను. మన సంతలో పొడుగు వంకాయ ఉంటుంది, గుండ్రంది ఉంటుంది, తెల్లది, పచ్చది, తొడిమకి ముళ్ళున్నది ఉంటాయి. పిల్లకి మూడు వంకాయలు చూపించాలనుకుంటే, మూడూ ఊదారంగు పొడుగువే తెచ్చారనుకోండి. మూడుసార్లు చూపించాం, బాగా వస్తుందని అనిపిస్తుంది. ఫే షూ, జాషువా టెనెన్‌బామ్ 2007లో అచ్చువేసిన పని చదివితే ఆ నమ్మకం పోతుంది. మూడు, నాలుగేళ్ళ పిల్లలకి ఒక కొత్త పేరు చెబుతూ మూడు కుక్కల్ని చూపించారు. మూడూ ఒంటినిండా నల్లచుక్కలుండే డాల్మేషియన్లే అయితే, పిల్లలు ఆ పేరుని చుక్కల కుక్కలకే పరిమితం చేశారు. మూడూ మూడు జాతులైతే కుక్కలన్నిటికీ పెట్టారు. పిల్ల బుర్రలో జరిగే లెక్క ఇది: పేరు కుక్కలన్నిటిదీ అయితే, చూపించిన మూడూ చుక్కలవే ఎందుకయ్యాయి? ఏదో కారణం ఉండే ఉంటుంది. నోటితో అనదు, కానీ అలాగే ఎంచుకుంటుంది. మూడు పొడుగు వంకాయలు చూపించడమంటే గుండ్రటి వంకాయని మనమే గడప అవతల నిలబెట్టడం. ఒకటి చూపించి ఊరుకుంటే పిల్ల కాస్త సందేహంలో ఉంటుంది. ఒకేలాంటివి మూడు చూపిస్తే ఆ సందేహం కూడా పోయి తప్పు గట్టిపడుతుంది.

నెలల పసికందులకి కూడా ఇలాంటి లెక్క ఉంది. 1993లో పాల్ క్విన్, పీటర్ ఐమస్ బృందం మూడు, నాలుగు నెలల పిల్లలకి ఫొటోలు చూపించింది. వరసగా పిల్లుల్ని చూసిన పిల్లలు, ఆ తర్వాత కుక్క కనపడితే కొత్తదన్నట్టు ఎక్కువసేపు చూశారు. వరసగా కుక్కల్ని చూసినవాళ్ళకి పిల్లి కొత్తగా అనిపించలేదు. కుక్కల్లో ఉన్నంత తేడా పిల్లుల్లో లేదు కదా. చూసినవాటిలో ఎంత వైవిధ్యముంటే, ఇది ఆ రకమే, ఇది కాదు అనే గీత అంత దూరంగా పడుతుంది.

ఎదురెదురుగా పెట్టి పోల్చనిస్తే ఏమవుతుందో డెడ్రే గెంట్నర్, లారా నామీ 1999లో చూపించారు. నాలుగేళ్ళ పిల్లలకి ఒక సైకిలు బొమ్మ చూపించి కొత్త పేరు చెప్పి, ఈ పేరుది ఇంకోటి ఏదంటే, చాలామంది కళ్ళజోడు ఎత్తారు. రెండు గుండ్రాలున్నాయి మరి! సైకిలుతో పాటు మూడుచక్రాల బండిని కూడా పక్కన పెట్టి, రెండిటికీ అదే పేరు చెబితే, అదే వయసు పిల్లలు కళ్ళజోడుని వదిలి స్కేట్‌బోర్డుని ఎంచారు. ఎక్కి తిరిగేవి అని తెలిసింది. రెండో ఉదాహరణ చేసిన పని అదే. ఒకటి చూసినప్పుడు కంటికి తగిలేది రూపం. రెండు కలిపి చూసినప్పుడు వాటిని కలిపేదేమిటని పిల్ల వెతుకుతుంది.

చార్టుల్లో నాకు అసలు గిట్టనిది ఇంకొకటుంది. మామిడిపండుకి కళ్ళు, ముక్కు, నవ్వు. క్యారెట్‌కి బూట్లు. పిల్లలకి నచ్చుతాయంటారు, నాకైతే కొనే పెద్దవాళ్ళకే నచ్చుతున్నట్టుంది. పాట్రిషియా గానియా, మేగన్ పికార్డ్, జూడీ డెలోచ్ 2008లో ఏడాదిన్నర లోపు పిల్లలకి బొమ్మల పుస్తకం చూపించి కొత్త వస్తువు పేరు చెప్పారు. ఆ తర్వాత అసలు వస్తువు ముందు పెట్టారు. పుస్తకంలో రంగు ఫొటో ఉన్నప్పుడు పిల్లలు ఆ పేరుని అసలు వస్తువుకి బాగా తీసుకెళ్ళారు. కార్టూన్ బొమ్మలతో అంత బాగా కుదరలేదు. పెద్ద పిల్లలు ఎలాగోలా సర్దుకుంటారు. సెంటరు అరుగు మీద అన్నయ్యో అక్కో ఒళ్ళో కూర్చున్న చిన్నవాళ్ళకి మాత్రం బూట్ల క్యారెట్ దండగ. చార్టు కొనక తప్పదంటే ఫొటోలది అడగండి. కాస్త ధర ఎక్కువ, నేను తగ్గిస్తాను.

పక్షుల చార్టులో గబ్బిలం ఉంటే మాత్రం కొనకండి. ఇంకా అలాంటివి వస్తున్నాయి. ఇది చిన్న విషయమని అనుకోకండి, పేరు ఒకే గంపలో పెట్టిన వాటి గుణాలు కూడా ఒకటేనని పిల్లలు నమ్ముతారు. సూజన్ గెల్మన్, ఎలెన్ మార్క్‌మన్ 1986లో నాలుగేళ్ళ పిల్లలకి ఫ్లెమింగోనీ, గబ్బిలాన్నీ చూపించి ఒక్కోదాని గురించి ఒక్కో సంగతి చెప్పారు. ఆ తర్వాత, చూడ్డానికి గబ్బిలంలా ఉన్న నల్ల పిట్టని చూపించి, ఇది పక్షి అని చెప్పి, దీని సంగతి ఏమిటని అడిగారు. పిల్లల్లో ఎక్కువమంది రూపాన్ని పక్కన పెట్టి, ఫ్లెమింగోకి చెప్పిందే దీనికీ వర్తిస్తుందన్నారు. నాలుగేళ్ళకే పేరు మీద అంత నమ్మకం పెట్టుకున్న పిల్లకి మనం గబ్బిలాన్ని పక్షుల్లో కలిపి చూపిస్తే, అది గుడ్లు పెడుతుందని కూడా పిల్ల తనంతట తానే కలుపుకుంటుంది. మనం చెప్పని అబద్ధం అది, అయినా మన పుణ్యమే.

ఇక మన సరిహద్దు సంగతి. మన పిల్లల్లో ఒక్క భాషతో సెంటరుకి వచ్చేవాళ్ళెందరు? ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కొండ మీది ఊళ్ళయితే ఇంట్లో సవర, సంతలో తెలుగు, సెంటర్లో ఒడియా. బొమ్మ చూపిస్తే ఒక పిల్ల "పిల్లి" అంటుంది, పక్కది "బిలేయి" అంటుంది, కొన్నిసార్లు ఒకే పిల్ల రెండూ అంటుంది. దీన్ని గందరగోళమని, వెనకబాటని రాసేవాళ్ళని చూశాను. క్రిస్టా బైయర్స్-హైన్లీన్, జానెట్ వర్కర్ 2009లో ఏడాదిన్నర పిల్లల్ని పరీక్షించారు. ఒకే భాష వినే పిల్లలు, తెలిసిన వస్తువు పక్కన తెలియనిది పెట్టి కొత్త పేరు చెప్పగానే తెలియనిదాని వైపు చూశారు. ఒక వస్తువుకి ఒకటే పేరుంటుందని వాళ్ళ లెక్క. రెండు భాషలు వినే పిల్లల్లో ఆ మొగ్గు తక్కువ. మూడు భాషలవాళ్ళలో కనపడనే లేదు. ఒక వస్తువుకి రెండు మూడు పేర్లుండటం వాళ్ళింట్లో రోజూ చూస్తున్నదే కదా. అందుకని మన పిల్లకి కొత్త వస్తువు పేరు చెప్పేటప్పుడు "మిగతావి తెలుసు కాబట్టి ఇదేనని అదే ఊహించుకుంటుందిలే" అని వదిలేయకండి. వస్తువు చేతిలో పెట్టి చెప్పండి. ఇంటి భాషలో చెప్పిన జవాబుని ఒప్పు కిందే రాయండి. పిల్లిని పిల్లిగా గుర్తుపట్టిందా లేదా అన్నది ఒక సంగతి, ఒడియాలో చెప్పిందా లేదా అన్నది ఇంకో సంగతి. రెండూ ఒకే గడిలో పడుతున్నాయి.

ఇది మన ఊరికి కొత్త కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడ మేష్టారుగా ఉంటూనే సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఒడిశా ప్రభుత్వం 2007లో పది గిరిజన భాషలతో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో సవర ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా, వీలైన చోటల్లా ఇంటి భాషలోనే చెప్పమంటోంది. కాబట్టి పై నుంచి అడ్డేమీ లేదు.

నెలకో థీమ్ పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ నెలంతా కూరగాయలు, వచ్చే నెలంతా జంతువులు, మళ్ళీ కూరగాయల ఊసు లేదు. హేలీ వ్లాక్ బృందం 2008లో మూడేళ్ళ పిల్లలతో చూసింది. ఒకే రకం వస్తువుల్ని వరసపెట్టి చూపించడం కంటే మధ్యమధ్యలో వేరే ఆట పెట్టి విరామాలతో చూపించినప్పుడే కొత్తదాన్ని గుర్తుపట్టగలిగారు. ఆ విరామాలు నిమిషం లోపువి, మన నెలలతో పోల్చలేం. అయినా జంతువుల నెలలో ఓ రోజు మధ్యాహ్నం వండే కూరగాయల గంప ముందు పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఎవరి పర్మిషన్ కావాలి? వంట ఎలాగూ చేస్తున్నారు.

తల్లులు నా దగ్గర తరచుగా చెప్పుకునే బాధ ఒకటుంది. "అక్కా, మా వాడు మేకనీ కుక్కే అంటాడు, దూడనీ కుక్కే అంటాడు." ఒకటిన్నర, రెండేళ్ళ పిల్లలు లోకమంతటా చేసే పని ఇది. నోటికి అందుబాటులో ఉన్న దగ్గరి పేరుతో పని గడుపుకుంటారు. అదే పిల్లాణ్ణి "మేక ఏదిరా?" అని అడిగితే చాలాసార్లు సరిగ్గా మేకనే చూపిస్తాడు. కసురుకోకుండా, "అది మేకరా, గడ్డం చూడు, కొమ్ములు చూడు" అని కుక్కనీ మేకనీ రెండిటినీ చూపిస్తే చాలు. పర్లాకిమిడి వీధుల్లో ఆ రెండూ వెతుక్కోవాల్సిన పని లేదు.

సూపర్‌వైజర్లకి, సీడీపీఓ గార్లకి ఇక నా విన్నపం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు గోడల మీద చార్టులెన్ని ఉన్నాయో చూస్తారని దీదీలు భయపడతారు. ఆ భయంతోనే నా దగ్గరకి పరుగెత్తుకొస్తారు. చార్టు చినిగితే సొంత డబ్బుతో కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈసారి వెళ్ళేటప్పుడు మీ సంచిలో, పిల్లలు ఆ సెంటర్లో చూడని వస్తువులు రెండు మూడు వేసుకెళ్ళండి. తెల్ల వంకాయ ఒకటి, పొడుగాటి సన్న మూడుకోణాల అట్టముక్క ఒకటి, హ్యాండిల్ లేని కప్పు ఒకటి. పిల్లల చేతికిచ్చి అడగండి, ఏ భాషలో చెప్పినా వినండి. సెంటరు పరిస్థితి మీకు రిజిస్టరు కంటే బాగా తెలుస్తుంది. కొత్తగా డబ్బు కూడా అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వమే 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టె విడుదల చేసింది, అదే ఏడాది మే నెలలో అంగన్‌వాడీల కోసం 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతో పాటు చదువూ) కార్యక్రమం మొదలుపెట్టింది. ఆట వస్తువులతో నేర్పమని వాళ్ళే అంటుంటే గోడ లెక్కలు ఎవరి కోసం?

పెట్టె మీ సెంటరుకి వచ్చి ఉంటే అట్టపెట్టెలోనే దాచకండి. పోతే సమాధానం చెప్పుకోవాలన్న భయం నాకు అర్థమవుతుంది. సూపర్‌వైజర్ గారు ఒక కాగితం మీద "వాడకంలో పోయినవి, విరిగినవి లెక్కలోకి రావు" అని రాసిస్తే ఆ భయం పోతుంది. దీదీలు నోరు తెరిచి అడగరు, అందుకని నేను అడుగుతున్నాను.

నా వంతుగా ఒక పని మొదలుపెట్టాను. షాపులో కింది అరలో ఒక గంప పెట్టాను. అందులో రకరకాల మూతలు, విరిగిన సెట్‌స్క్వేర్లు, ప్లాస్టిక్ జంతువులు, ఒకే జంతువు మూడు నాలుగు రకాలు, చెక్క గరిటె, స్టీలు గరిటె, కొబ్బరిచిప్ప గరిటె ఉన్నాయి. ఏ దీదీ అయినా వారానికని పట్టుకెళ్ళి తెచ్చివ్వచ్చు, డబ్బులక్కర్లేదు, పుస్తకంలో పేరు రాస్తే చాలు. ఏవైనా పోతే పోయాయి. మీ ఇంట్లో పనికిరానివి ఉంటే అందులో వేయండి, పదునైనవి, మరీ చిన్నవి మాత్రం వద్దు, పసివాళ్ళు నోట్లో పెట్టుకుంటారు. కొమ్ము కొంగని మాత్రం అడగకండి, అది మా అత్తగారిది.

ఇంతా చెప్పాక చార్టులు వాపసు తీసుకుంటావా అక్కా అని నిన్న ఒకావిడ అడిగింది. తీసుకోను. వెనకవైపు తెల్లగా ఉంటుంది, కత్తిరించి వంకర త్రిభుజాలు చేసుకోండి.

ఇట్లు,
పర్లాకిమిడి బజారులో మీకు చార్టులు అమ్మే అక్క